వీధిలోకి దిగే రాతిమెట్లు: స్కాట్లాండ్‌లో పాత ఇల్లు కొనేముందు

ఎడిన్‌బరాలో ఉద్యోగం చేస్తూ ఫైఫ్ తీరంలో ఒక పాత రాతి ఇంటి పైభాగం కొనాలనుకుంటున్నారు. కింది అంతస్తు వేరేవాళ్లది. లోపల మెట్లు లేవు. పేవ్‌మెంట్ మీద మొదలైన రాతిమెట్లు ఇంటి ముందుగోడను ఆనుకుని పైకెళ్లి మీ గుమ్మం దగ్గర ఆగుతాయి. ఈ మెట్లు బయట ఎందుకు కట్టారు, తీసేసి లోపల వేసుకోవచ్చా, పోనీ టైల్స్ పరిచి అద్దాలతో మూసుకోవచ్చా, పాడైతే ఖర్చు ఎవరిది అని అడిగారు. ఈశాన్యంలో మెట్లు మంచిది కాదని మీ అత్తగారు అంటున్నారని కూడా రాశారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. అలాంటి ఇల్లు లిస్టెడ్ బిల్డింగ్, అంటే చట్టం కాపాడే పాత కట్టడం, అయివుండే అవకాశం చాలా ఎక్కువ. లిస్టెడ్ అయితే మెట్లు తీయడానికి ఒప్పుకోరు. అద్దాలతో మూయడానికి అనుమతి దొరకడం చాలా కష్టం. టైల్స్ ఆలోచన మానేయండి. ఖర్చు చాలావరకు మీదే అవుతుంది. అయినా సరే, మెట్లు గట్టిగా ఉంటే ఆ ఇల్లు వదులుకోవద్దనే నా సలహా. నేను సివిల్ ఇంజనీర్ని. పదిహేడేళ్లుగా ఫైఫ్‌లోనూ లోథియన్ వైపూ పాత రాతి ఇళ్ల మరమ్మతులే నా పని. ఇల్లు చూడడానికి వెళ్తే తలుపు తట్టేముందు మెట్ల దగ్గరే అరగంట గడుపుతాను. ఆ ఇంట్లో నీళ్లు ఎటు పోతున్నాయో, గత యాభై ఏళ్లలో ఎవరు ఎలాంటి పని చేశారో అక్కడే చాలావరకు తెలిసిపోతుంది.

వీటిని ఇక్కడ ఫోర్‌స్టేర్ అంటారు. ముందుమెట్లు అన్నమాట. మీరు వీటిని ఇంటికి తర్వాత తగిలించిన వస్తువులా చూస్తున్నారు, అందుకే తీసేయొచ్చా అని అడిగారు. నిజానికి మీ పై ఇల్లు వీధిలో కాలు మోపింది ఆ మెట్ల మీదే. అవి లేకపోతే పైన గది ఉంటుంది గానీ ఇల్లు ఉండదు.

మన ఊళ్లలో కింద తాము ఉండి పై పోర్షన్ అద్దెకివ్వాలనుకునేవాళ్లు మెట్లు బయట ఎందుకు వేయిస్తారో మీకు తెలుసు. అద్దెకున్నవాళ్లు మన హాల్లోంచి రాకపోకలు చేయక్కర్లేదు, గేటు దగ్గర్నుంచే ఎవరి దారి వాళ్లది. ఫోర్‌స్టేర్ వెనకున్న లెక్కల్లో ఒకటి సరిగ్గా అదే. కాకపోతే ఇక్కడ అద్దె దగ్గర ఆగలేదు, సొంతదారుల దాకా వెళ్లింది. ఒకే కట్టడంలో ఒక్కో అంతస్తు ఒక్కొక్కరి సొంతం కావడం స్కాట్లాండ్ పట్టణాల్లో శతాబ్దాల నాటి అలవాటు. కింది గది ఒకరిదీ పై గది ఇంకొకరిదీ అయినప్పుడు, కిందివాళ్ల ఇంట్లోంచి పోకుండా పైవాళ్లకు తమదైన దారి కావాలి.

రెండో లెక్క కింది భాగం వాడకం. పాత రోజుల్లో వీధి మట్టంలో ఉన్న గది చాలాచోట్ల కాపురానికి కాదు. దుకాణం, పనిశాల, గోదాము, కొన్నిచోట్ల పశువుల కొట్టం. మీరు చూసిన తీరంలో, అంటే క్రెయిల్, ఆన్‌స్ట్రదర్, పిటెన్‌వీమ్, సెయింట్ మోనన్స్ వరసలో, కింద వలలు, తాళ్లు, గాలాలు, పీపాలు ఉండేవి. సముద్రం నుంచి తెచ్చిన తడీ వాసనా అంతా కిందే ఆగిపోయేది. పొయ్యి, మంచం, పిల్లలు పైన. హార్ అని ఇక్కడ తూర్పు తీరానికి ఒక సముద్రపు మంచు వస్తుంది, మిట్టమధ్యాహ్నం కూడా ఎదురిల్లు కనపడదు. అది పట్టిన రోజు కింది గదిలోకీ పై గదిలోకీ ఒకసారి వెళ్లి చూడండి. పైన ఎందుకు కాపురం ఉన్నారో ఒంటికే తెలుస్తుంది.

మూడోది స్థలం. ఈ ఊళ్లు చాలావరకు బర్గ్‌లు, అంటే వ్యాపారం చేసుకోవడానికి ప్రత్యేక హక్కులున్న పట్టణాలు. వాటిలో ఇళ్లస్థలాలు వీధి వైపు ఇరుగ్గా, వెనక్కి పొడుగ్గా ఉంటాయి. అంత ఇరుకు ముఖంలో లోపల మెట్లు పెడితే గదిలో చాలా చోటు వాటికే పోతుంది. అదే మెట్లు వీధిలోకి పెడితే గది గదిలా మిగులుతుంది. పోయిన చోటు వీధిది. వీధి అందరిదీ కాబట్టి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు, కొంతకాలం దాకా.

ఇలా వీధిలోకి జరగడానికి ఎడిన్‌బరాలో మున్సిపాలిటీయే దారి చూపిన సందర్భం ఒకటుంది. ఊరికి దక్షిణాన బరో మ్యూర్ అనే అడవి కొట్టి చదును చేయించాలనుకున్నారు. అక్కడి కలప కొన్నవాళ్లు తమ ఇంటిని చెక్కతో 7 అడుగుల మేర వీధిలోకి పెంచుకోవచ్చని 1508లో కౌన్సిల్ ప్రకటించింది. ఇరువైపులా 7 అడుగులంటే వీధిలో 14 అడుగులు పోయినట్టే. ఆ చెక్క వరండాల ముందుకు మళ్లీ రాతిమెట్లు వచ్చాయి. మెట్ల కింద బోలుగా మిగిలిన చోట్లో బొగ్గు, సామాను, కొన్నిచోట్ల పందులు కూడా ఉండేవి. చదివి ముక్కు మూసుకోవద్దు. ఇంట్లో ఒక్క గదే ఉన్న కుటుంబానికి మెట్ల కింద దొరికిన ఆ నాలుగడుగుల చోటు చిన్నదేమీ కాదు.

అవే మెట్లు పండగరోజు కూర్చునే చోటు కూడా అయ్యేవి. 1579లో కుర్రవాడైన ఆరో జేమ్స్ రాజు మొదటిసారి లాంఛనంగా ఎడిన్‌బరాలోకి వచ్చినప్పుడు, వీధి పొడవునా ఇళ్ల మెట్ల మీద అల్లిక తెరలు వేలాడదీయించారు. ఊరేగింపు చూడాలంటే అంతకంటే మంచి చోటు లేదు. మన అరుగుల మీద కూర్చుని రథం కోసం ఎదురుచూసినట్టే.

మీరు ఒక శనివారం కల్‌రాస్ వెళ్లి రండి. రాసేది అలా గానీ పలకడం మాత్రం కూరస్ అని. ఫోర్త్ నదీముఖం ఒడ్డున ఉంది, మీకు దూరమేమీ కాదు. బొగ్గు, ఉప్పు వ్యాపారం చేసిన జార్జ్ బ్రూస్ 1597, 1611 మధ్య కట్టించిన పసుపురంగు ఇల్లు చూడడానికి అందరూ వెళ్తారు. అది చూశాక దగ్గర్లోనే ఉన్న టౌన్ హౌస్, అంటే పాత మున్సిపల్ కచేరీ, ముందు నిలబడండి. 1626 నాటిది, గోపురం 1783లో వచ్చింది. దాని ముందుమెట్లు రెండు వైపుల నుంచీ ఎక్కి మధ్యలో కలుస్తాయి. పైన సభ, అదే కట్టడంలో ఖైదు. ఊరి పెద్దలు ఆ మెట్లెక్కి పైకి వెళ్లేవారు. ఇంటి ముందుమెట్లకూ ఈ మెట్లకూ పని ఒకటే. వీధిలోంచి పైకి, అందరూ చూస్తుండగా. ఇంకా దక్షిణాన కర్‌కూబ్రీ అనే ఊళ్లో పాత టోల్‌బూత్ (ఇదీ కచేరీ, జైలు కలిసిన కట్టడమే) ముందుమెట్ల పైనే ఊరి సంత స్తంభాన్ని నిలబెట్టారు. దాని మీద 1610 అని చెక్కి ఉంటుంది. కూడలిలో ఉండాల్సిన స్తంభాన్ని మెట్లెక్కించి నిలబెట్టారంటే, ఆ మెట్లకు ఆ ఊళ్లో ఎంత విలువ ఉండేదో చూడండి.

ఎడిన్‌బరాలోనే చూడాలంటే లాన్‌మార్కెట్ అనే వీధిలో గ్లాడ్‌స్టోన్స్ ల్యాండ్ అనే పాత కట్టడం ఉంది. థామస్ గ్లెడ్‌స్టేన్స్ అనే వ్యాపారి 1617లో కొని, ముందుకు పెంచి, వీధి మట్టంలో రాతి కమానులు కట్టించాడు. దాని ముందుమెట్లు వంపు తిరిగి మొదటి అంతస్తుకు చేరతాయి. అక్కడి నుంచి పైకి లోపల గుండ్రంగా తిరుగుతూ వెళ్లే చుట్టుమెట్లు, వాటిని టర్న్‌పైక్ అంటారు. మొదటి అంతస్తు దాకా వీధిలో, ఆ పైన లోపల అన్నమాట. 1934లో ఆ కట్టడం కూల్చివేత అంచుదాకా వెళ్తే పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ ఫర్ స్కాట్లాండ్ అనే సంస్థ కొని నిలబెట్టింది. అదే దారిలో కిందికి నడిస్తే జాన్ నాక్స్ హౌస్, దాని పక్కన మౌబ్రే హౌస్, రెండింటికీ ముందుమెట్లున్నాయి.

ఒకప్పుడు వీధికి వీధే ఇలా ఉన్న ఊరిలో ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేన్నే మిగిలాయి. బళ్లు, కోచ్‌లు పెరిగాక 18వ శతాబ్దం నుంచీ వీధికి అడ్డమని చాలాచోట్ల తీయించేశారు. తీసేసిన చోట గుర్తులు మాత్రం పోవు. ఏ పాత ఊళ్లోనైనా మొదటి అంతస్తులో మిగతా కిటికీల కంటే పొడుగ్గా ఉండి, కింది సగం వేరే రాయితో మూసేసిన కిటికీ కనపడితే ఆగి చూడండి. అది ఒకప్పటి గుమ్మం అయివుండొచ్చు. దాని కింద గోడ మీద ఏటవాలుగా మచ్చ లాంటి గీత కూడా ఉంటే, ఇక అనుమానం అక్కర్లేదు. మెట్లు అక్కడే ఉండేవి. నాకు ఇది ఇప్పటికీ ఇష్టమైన పని, పిల్లల్ని స్కూలుకి దింపేటప్పుడు కూడా చూస్తూనే ఉంటాను.

మీ తీరంలో ఇన్ని ఎలా మిగిలాయంటే, మొదటి కారణం పెద్ద ఊళ్లలో వచ్చినంత డబ్బు, ట్రాఫిక్ అక్కడ రాకపోవడం. రెండోది నేషనల్ ట్రస్ట్ 1960లో మొదలుపెట్టిన లిటిల్ హౌసెస్ పథకం. పాడుబడిన చిన్న ఇళ్లు కొనడం, బాగుచేయడం, అమ్మడం, వచ్చిన డబ్బుతో ఇంకోటి కొనడం. శిల్పి హ్యూ లోరిమర్ ఫైఫ్‌లో దానికోసం చాలా పాటుపడ్డాడు. పిటెన్‌వీమ్‌లో గైల్స్, డైసర్ట్‌లో పాన్ హా వైపు వెళ్తే ఆ పని కళ్లారా కనిపిస్తుంది. ఇది చరిత్ర కోసం చెప్పడం లేదు. అలా బాగుచేసి అమ్మిన ఇళ్ల మీద ట్రస్ట్ ఒక కన్సర్వేషన్ అగ్రిమెంట్ పెట్టింది, అంటే తమ అనుమతి లేకుండా ఇంటిని మార్చకూడదనే ఒప్పందం. అది ఇంటితోపాటు కొత్త యజమానికి వస్తుంది. మీరు చూసిన ఇల్లు వాటిలో ఒకటైతే కౌన్సిల్ అనుమతితో పాటు ట్రస్ట్ అనుమతి కూడా కావాలి. టైటిల్ పత్రాల్లో ఉందేమో చూడమని మీ సొలిసిటర్‌కి ఇవాళే మెయిల్ పెట్టండి.

ఇప్పుడు మెట్ల దగ్గరకి వద్దాం.

ఎండరోజు వెళ్లి చూసొచ్చారు కదా, వానపడిన మర్నాడు మళ్లీ వెళ్లండి. కింది మెట్టు మీద కాదు, పైన మీ గుమ్మం ముందున్న చప్టా మీద నిలబడండి. ల్యాండింగ్ అంటాం. అది ఇంటిగోడను తాకే మూల చూడండి. నీళ్లు వీధి వైపుకి జారుతున్నాయా, గోడ వైపుకి వచ్చి నిలుస్తున్నాయా? పాత మేస్త్రీలు ల్యాండింగ్ రాయికి బయటి వైపుకి కంటికి కనపడనంత వాలు ఇచ్చేవారు. వందల ఏళ్ల బరువుకి మెట్ల బయటిగోడ పునాది కుంగితే మెట్లు వీధి వైపుకి ఒరిగి గోడ దగ్గర సందు తెరుచుకుంటుంది. లోపలి పూడిక కుంగితే వాలు తిరగబడి నీళ్లు గోడలోకే వెళ్తాయి. ఎలా వెళ్లినా ఆ నీళ్లు చేరేది ఒకే చోటికి, మెట్ల కడుపులోకి.

కడుపులో ఏముందో తెలిస్తే మీకు నా భయం అర్థమవుతుంది. చాలా ముందుమెట్లు గట్టి రాతిదిమ్మెలు కావు. బయటకొక రాతిగోడ, లోపల ఇంటిగోడ, మధ్యలో రాళ్లముక్కలు, మట్టి, సున్నం పోసి పూడ్చింది. దాని మీద మెట్టుకొక పొడుగాటి ఇసుకరాతి పలక. మరికొన్నిటికి కింద బోలుగా చిన్న కమాను గది ఉంటుంది. మీ ఇంటికి మెట్ల కింద తలుపు ఉందని రాశారు కాబట్టి మీది రెండో రకం. ఆ తలుపు తీయించి టార్చ్ వేసి పైకి చూడండి. రాళ్ల సందుల్లో తెల్లగా ఉప్పు పూసినట్టుంటే, చుక్కలు కట్టి ఉంటే, పైనుంచి నీళ్లు దిగుతున్నట్టు.

తర్వాత ఒక్కో మెట్టు. అరిగిన మెట్టు చూసి టెన్షన్ పడకండి. మధ్యలో పళ్లెంలా గుంట పడడం వయసు, రోగం కాదు. సెయింట్ మోనన్స్‌లో నేను పనిచేసిన ఒక ఇంట్లో మూడో మెట్టు మిగతా అన్నిటికంటే చదునుగా, అంచు పదునుగా ఉంది. కొత్త రాయి అనుకున్నాం. మేస్త్రీ పలక లేపి తిరగేస్తే అడుగున చేతివెడల్పు గుంట, నున్నగా, సబ్బురాయిలా. ఎప్పుడో ఎవరో అరిగిన రాయినే బోర్లించి రెండో జీవితం ఇచ్చారు. ఇక్కడ ఇది పాత అలవాటే. ఆ గుంటలో నా అరచెయ్యి సరిగ్గా పట్టింది. ఎన్ని తరాల బూట్లు, వట్టికాళ్లు అరగదీస్తే అంత నున్నన అవుతుందో అనుకుంటూ కాసేపు అలాగే ఉండిపోయాను. మళ్లీ బోర్లించే పెట్టాం.

భయపడాల్సింది వేరే ఉంది. బొటనవేలితో రాయి మీద గట్టిగా రుద్దండి. ఇసుక చేతికి అంటితే పైపొర పట్టు వదిలినట్టు. చెక్క సుత్తితోనో వేలి ముడితోనో తట్టండి. గణగణ మోగితే మంచిది, డొల్లగా వినిపిస్తే పొర లోపల విడిపోతోంది. మెట్టంచులో బీట పొడవునా ఉంటే రాయి మార్చాల్సి రావచ్చు. ఇనుప రెయిలింగ్ ఉంటే ఊచ రాయిలోకి దిగే చోట చూడండి. పాతకాలంలో రాతికి గుంట చెక్కి, ఊచ నిలబెట్టి, కరిగిన సీసం పోసేవారు. సీసం వదులై నీళ్లు దిగితే ఇనుము తుప్పుపట్టి ఉబ్బుతుంది. ఆ ఉబ్బుకి ఎంత లావు రాయైనా చీలిపోతుంది. మొదలు దగ్గర నక్షత్రంలా బీటలుంటే అదే.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది, నేను ఎక్కడికెళ్లినా చెప్పే మాట. రాళ్ల మధ్య ఉన్నది సున్నమా, సిమెంటా?

ఒక ఇంటి పాత యజమాని, మెట్లు ముసలివైపోయాయని, ఒక బిల్డర్‌ని పిలిపించి అన్ని మెట్ల మీదా అంగుళం మందాన సిమెంటు పూత వేయించాడు. సందులన్నీ సిమెంటుతోనే పాయింటింగ్. చూడడానికి కొత్త మెట్లలా ఉన్నాయట. నాలుగో చలికాలం అయ్యాక కొత్త యజమానులు నన్ను పిలిచారు. పూతకి సన్నటి బీటలు, వెంట్రుక దూరేంత. ఆ బీటల్లోంచి వాన లోపలికి వెళ్తోంది, సిమెంటు పైన మూతలా ఉండడంతో బయటికి ఆరే దారి లేదు. నీళ్లు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతాయి. చలికాలంలో ఇక్కడ రాత్రి గడ్డకట్టి పగలు కరగడం తరచూ జరిగే పనే. మా మేస్త్రీ గడ్డపార పెట్టి ల్యాండింగ్ పలక ఒకటి లేపితే కింద పూడిక నానిన అటుకుల్లా ఉంది. నీళ్లు బొటబొటా కారి పేవ్‌మెంట్ మీదకి వెళ్లాయి. వాన పడి వారం దాటింది. బయటిగోడలో రాళ్ల ముఖాలు వెనక్కి తినేసుకుపోయి, సిమెంటు సందులు మాత్రం తేనెపట్టు గోడల్లా ముందుకు నిలబడి ఉన్నాయి. రాయి కంటే సందు గట్టిదైతే చచ్చేది రాయే. మొత్తం విప్పి, పలకలకు నంబర్లు వేసి, పూడిక మార్చి, మళ్లీ సున్నంతో కట్టడానికి ఒక వేసవి పట్టింది. నాకు ఆ కుటుంబం మీద జాలి, ఆ రాళ్ల మీద ఇంకా ఎక్కువ జాలి. మూడొందల ఏళ్లు నిలిచినవి నాలుగు చలికాలాల్లో పాడయ్యాయి. మీ టైల్స్ ఆలోచనకి నా జవాబు ఇదే. టైలు, దాని కింద జిగురు, గ్రౌట్, అన్నీ కలిసి అదే మూత.

సున్నం పని చేసే మేస్త్రీ దొరకడం కష్టమే గానీ ఫైఫ్‌లో మీరు అదృష్టవంతులు. చార్ల్స్‌టౌన్‌లో పాత సున్నపు బట్టీలు వరసగా 14 ఉన్నాయి. అదే ఊళ్లో స్కాటిష్ లైమ్ సెంటర్ ఉంది, పాత సున్నం ముక్క పంపితే పరీక్షించి దానికి తగిన మిశ్రమం చెప్తారు. రాయి మార్చాల్సి వస్తే రంగు చూసి ఎంచుకోకూడదు. నీళ్లు పీల్చే గుణం, రేణువు పాతదానికి దగ్గరగా ఉండాలి. ఎడిన్‌బరాలో బ్రిటిష్ జియలాజికల్ సర్వే వాళ్లు మీ రాయి ముక్క చూసి, ఇప్పుడు దొరికేవాటిలో ఏ క్వారీ రాయి నప్పుతుందో చెప్తారు. పని కాలం కూడా ముఖ్యం. 5 డిగ్రీల కంటే తక్కువ చలిలో సున్నం పట్టదు. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ లోపల చేయించండి, తడి గోనెపట్టాలు కప్పి నెమ్మదిగా ఆరనివ్వాలి. "డిసెంబర్లో ఖాళీగా ఉన్నాం, తక్కువకి చేస్తాం" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

ఖర్చు ఎవరిదనే ప్రశ్న. ఇక్కడి చట్టంలో టెనమెంట్ అంటే పెద్ద అపార్ట్‌మెంటే కానక్కర్లేదు, పైనొకటి కిందొకటి రెండు ఫ్లాట్లున్నా టెనమెంటే. 2004 నాటి టెనమెంట్స్ చట్టం ప్రకారం, టైటిల్ పత్రాల్లో వేరేలా లేకపోతే, బయటి మెట్లు అవి ఏ ఫ్లాట్లకు ఉపయోగపడుతున్నాయో ఆ ఫ్లాట్లవి. మీ మెట్లు మీ గుమ్మానికే వెళ్తున్నాయి కాబట్టి మీవి. కానీ వెనకున్న ఇంటిగోడ నిర్వహణ ఉమ్మడి, పైకప్పుదీ అంతే. గొడవలు వచ్చేది అందుకే మెట్లూ గోడా కలిసే మూల దగ్గర. పైగా మెట్ల కింది గది చాలాసార్లు కిందివాళ్లది అవుతుంది. మీ మెట్ల నుంచి కారే నీళ్లు వాళ్ల గదిలోకి. టైటిల్ ప్లాన్‌లో ఆ గది ఎవరి గీతలో ఉందో, మెట్ల గురించి ఏదైనా షరతు ఉందో సొలిసిటర్‌తో ముందే తేల్చుకోండి. మెట్లు మీవైతే, వాటి మీద పోస్ట్‌మ్యాన్ జారిపడితే జాగ్రత్త తీసుకోలేదని మిమ్మల్నే అడుగుతారు. ఇన్సూరెన్స్ వాళ్లకి ముందుమెట్లు ఉన్నాయని స్పష్టంగా చెప్పండి.

హోమ్ రిపోర్ట్, అంటే ఇంటి స్థితి మీద సర్వేయర్ రాసే నివేదిక, అమ్మేవాళ్లే ఇస్తారు, 2008 డిసెంబర్ నుంచి అదే పద్ధతి. అందులో ఒక్కో భాగానికి 1, 2, 3 అని మార్కులుంటాయి, 3 అంటే వెంటనే చూడాల్సింది. కానీ సర్వేయర్ రాళ్లు లేపి చూడడు. మెట్లకు 1 ఉన్నా నేను చెప్పిన పరీక్షలు మానకండి. అనుమానం వస్తే పాత కట్టడాల అనుభవం ఉన్న ఇంజనీర్‌కి డబ్బు కట్టి చూపించండి.

లిస్టింగ్ వివరాలు హిస్టారిక్ ఎన్విరాన్‌మెంట్ స్కాట్లాండ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడొచ్చు. ఎ, బి, సి అని తరగతులు. సి అంటే పట్టింపు లేదని కొందరనుకుంటారు, అది తప్పు. మూడింటికీ మెట్లు మార్చాలంటే లిస్టెడ్ బిల్డింగ్ కన్సెంట్ అనే అనుమతి కావాలి, లేకుండా చేస్తే నేరం. పాత యజమాని అనుమతి లేకుండా చేసిన పనికి కూడా నోటీసు ఇప్పుడున్న యజమానికే వస్తుంది. ఆ ల్యాండింగ్ మీద ప్లాస్టిక్ పోర్చ్ లాంటిది ఉంటే దాని అనుమతి కాగితం అడిగి తీసుకోండి. ఉన్నది ఉన్నట్టు, అదే రాయి, అదే సున్నంతో బాగుచేయడానికి మాత్రం సాధారణంగా ఇబ్బంది ఉండదు. మొదలుపెట్టేముందు కౌన్సిల్ కన్సర్వేషన్ ఆఫీసర్‌కి ఫోటోలతో మెయిల్ పెట్టి, వాళ్ల జవాబు దాచుకోండి.

మీ అమ్మానాన్నలు ఆరు నెలలు వచ్చి ఉంటారని రాశారు. దాని గురించి నిజాయితీగా చెప్పాలి. ఆ మెట్ల మీద కప్పు లేదు, ఎత్తు అన్నీ ఒకేలా ఉండవు, జనవరిలో ఉదయం నల్లటి మంచుపొర కనపడకుండా ఉంటుంది. ఒకవైపు చేతిపట్టీ లేకపోతే పెట్టించండి. ఊచలు రాయిలోకి కాకుండా సందుల్లోకి దిగేలా, స్టెయిన్‌లెస్‌తో డిజైన్ చేస్తే నేను చూసినంతలో అనుమతి వచ్చింది. మంచు పడితే ఉప్పు చల్లకండి. ఉప్పు రాయిలోకి దిగి లోపల గట్టిపడి పొరలు రాలగొడుతుంది. ముతక ఇసుక చల్లండి. పాచి పట్టితే కొబ్బరిపీచు లాంటి గట్టి బ్రష్షూ, నీళ్లూ చాలు. ప్రెషర్ వాషర్ పెడితే పాచితో పాటు సున్నం కూడా పోతుంది. సోఫా, ఫ్రిజ్ కొనేముందు ల్యాండింగ్ వెడల్పు, గుమ్మం వెడల్పు టేపుతో కొలవండి. ఆ మలుపులో సోఫా తిరగక వీధిలోనే అమ్ముకున్నవాళ్లు నాకు తెలుసు.

మీ అత్తగారి మాటని తేలిగ్గా తీసుకోవద్దు. వాస్తు మీద నా అభిప్రాయం ఇక్కడ అక్కర్లేదు. ఆ మెట్లు జరపలేరు, దిక్కు మార్చలేరు. ఇక్కడ మిస్సివ్స్, అంటే రెండువైపుల సొలిసిటర్ల మధ్య నడిచే ఉత్తరాలు, ఖాయమయ్యాక వెనక్కి తగ్గితే నష్టపరిహారం కట్టాల్సి వస్తుంది. కాబట్టి దిక్సూచి పట్టుకుని ఆవిణ్ణే ఒకసారి తీసుకెళ్లి చూపించండి. ఆమె మనసుకి సరిపోలేదంటే ఇప్పుడే తెలియడం మంచిది.

ఆఫర్ పెట్టేముందు నాలుగు ఫోటోలు పంపండి. ల్యాండింగ్ గోడను తాకే మూల, మెట్ల కింది గది పైకప్పు, రెయిలింగ్ మొదలు, బయటిగోడలో సందులు దగ్గరగా. వానపడిన మర్నాడు తీసినవైతే మేలు. వాటిని చూస్తే ఆ సందుల్లో ఉన్నది సున్నమో సిమెంటో చాలావరకు చెప్పగలను.